ఖాళీ ఒప్పుకోని గడి

కెంచమ్మ ఫోను ఎత్తడం లేదు.

హారతి ఏడోసారి కలిపింది. గాంధీనగర్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని కూడా ఆమెకు చెమటలు పడుతున్నాయి. సంగనకల్లు మలుపులో కంపెనీ లారీ, ఇనుప ఖనిజంతో సహా, బోల్తా పడి గంట దాటింది. డ్రైవరు యల్లేష్ కొన ఊపిరితో ఆసుపత్రిలో ఉన్నాడు.

అక్కడినుంచి యార్డు సూపర్వైజరు ప్రశాంత్ ఫోను మీద ఫోను.

"అక్కా, కడుపులో రక్తం కారతాండాదంట. ఆపరేషన్ చేయల్ల. అయినోళ్ళ సంతకం కావల్లంటాండారు. వాళ్ళమ్మ యాడుండాదో ఏమన్నా తెలిసిందా?"

"చేస్తానే ఉండా ప్రశాంత్. రింగవుతాండాది, ఎత్తడంల్యా."

ఎదురుగా తెర మీద యల్లేష్ రికార్డు. ఆపదలో పిలవాల్సినవారు: కెంచమ్మ, తల్లి. పక్కనే పది అంకెలు.

ఆ గడి హారతి పట్టుబట్టి పెట్టిందే. డ్రైవర్ల యాప్‌కు స్కీమా రాసింది ఆమె. ఏ గడిలో ఏముండాలో, ఏది లేకపోతే ఫారాన్ని తిప్పికొట్టాలో చెప్పే కొలత అది. తోటి ప్రోగ్రామరు ప్రమోద్ అప్పుడే మొత్తుకున్నాడు.

"దాన్ని రిక్వైర్డ్ పెట్టు తల్లీ, వద్దనడంల్యా. నల్లబుల్ కూడా పెట్టు, ఖాళీనీ ఒప్పుకునేటట్టు. అందర్నీ అడగల్ల. ఎవురూ ల్యారని చెప్పేదానికి గూడా దోవ ఉండల్ల."

"దోవిస్తే నాలుగు వందల మందీ ఆ దోవనే పోతారు. ఎవురూ లేకుండా ఆకాశం నుంచి ఊడిపడినారా ఏంది?"

తెగేసి చెప్పి, 'నల్', అంటే ఎవరూ లేరనే ఖాళీ జవాబు, చెల్లదని రాసేసింది. అంతటితో ఆగలేదు. ఒళ్ళు బద్ధకం మనుషులు తమ నెంబరే మళ్ళీ కొట్టేస్తారని, కంపెనీ ఇచ్చిన సిమ్ము నెంబరుతో అది కలిస్తే ఫారం వెనక్కి వచ్చేటట్టు కూడా చేసింది. నెల తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు మంది డ్రైవర్లు, ఒక్క గడి ఖాళీ లేదు. ఓనరు మీటింగులో ఆమెను పేరుపెట్టి మెచ్చుకున్నాడు.

తొమ్మిదోసారి. పదోసారి. మోగి మోగి ఆగిపోతోంది.

హారతికి ఒళ్ళు మండింది. ఏం తల్లి ఈమె? కొడుకు ఎర్రమట్టి రోడ్ల మీద లారీ తోలుతుంటే ఫోను పక్కన పెట్టుకోవద్దా? చేనులో ఉందా, పక్కింట్లో కబుర్లు చెబుతోందా? రికార్డులోని తెక్కలకోట అడ్రసుకు ఆ ఊళ్ళోనే ఉన్న మనిషిని పంపింది. తలుపుకు తాళం ఉందని కబురొచ్చింది.

"ఇంగ ఆగేదానికి కాదక్కా" అన్నాడు ప్రశాంత్. "డాక్టరు నా సంతకమే తీసుకున్నాడు. లోపలికి తీసుకుపోయినారు."

ముప్పావు గంట పోయింది అప్పటికే. ఆ ముప్పావు గంటా ఆ తల్లి కోసమే కాచుకున్నారు.

పన్నెండున్నరకు ప్రశాంత్ మళ్ళీ చేశాడు.

"పోయినాడక్కా. ఇంగొంచెం ముందు ఆపరేషన్ చేసింటే బాగుండునని డాక్టరు అంటాండాడు."

హారతి బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది. నవ్వు మొహం మనిషి. యార్డుకు పోయినప్పుడల్లా "టీ తాగినావా అక్కా" అని అడిగేవాడు. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. కన్నతల్లికి ఇప్పుడైనా తెలియాలి. ఎంతసేపయినా సరే, ఎత్తేదాకా వదలకూడదనుకుని మళ్ళీ కలిపింది.

ఈసారి రెండు రింగులకే ఎత్తారు.

"కెంచమ్మా? పొద్దున్నుంచి చేస్తాంటే యాడుండావమ్మా నువ్వు? నీ కొడుకు..."

"అక్కా, నేను ప్రశాంత్" అంది అవతలి గొంతు, "యల్లేష్ గుడ్డలు మూటగట్టి చేతికిచ్చినారు, ఆయప్ప సొంత ఫోను ఇది, ప్యాంటు జేబులో మోగతాండాది."