అరడుగు గొడవ

"ఒప్పుకోను!" అని జ్ఞానప్రకాశం బల్ల గుద్దాడు. గదిలో బల్ల తప్ప ఉలిక్కిపడేవాళ్లు లేరు.

పక్క గదిలో కంప్యూటర్లు చూసుకునే గీత తొంగిచూసింది. "ఏమైంది సార్?"

"పుంగనూరు గోడౌను గోడ. పొడుగు అరడుగు ఎక్కువ సూపిస్తాండాది. అభ్యంతరం పెట్టమ్మా."

"డ్రోను కొలిచింది, కంప్యూటరు సరేననింది. మదనపల్లెలో కూసోని మీకు పుంగనూరు గోడ కనపడతాండాదా సార్?"

"పుట్టినకాణ్ణించి గోడలతోనే గదమ్మా నా కాపరం! కనపడతాది."

"గొడవల్లేని ప్రాజెక్టని పేరు మనది. కొలిచేదానికి ఇంకా మనిషి ఎందుకని ఇప్పటికే పైనోళ్లు అంటాండారు. మొదటి గొడవ మీదే అయితే మీ ఉద్యోగం..."

"పోతే పోనీ. నువ్వు పెట్టు."

గీత నిట్టూర్చి పెట్టింది.

కొత్త కాంట్రాక్టులో కట్టించేవాళ్లూ కట్టేవాళ్లూ ఒకే జట్టు. లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీ. టేపులు పోయాయి, టెంపర్లూ పోయాయి. అందరూ కలిసి పనిచేయాలని ఒప్పందం రాసుకున్న రోజు నుంచి ఎవరూ ఎవరినీ కలవడం లేదు. ఒక్క షరతు మాత్రం బతికి ఉంది: కొలత మీద ఎవరైనా అభ్యంతరం పెడితే, రెండు పక్షాల కొలతగాళ్లూ ఆ గోడ దగ్గరికే వచ్చి కలిసి కొలవాలి.

అవతలి పక్షం కొలతగాడు కుప్పంలో ఉండే మధుసూదన్. టేపుల రోజుల్లో జ్ఞానప్రకాశం తక్కువంటే ఆయన ఎక్కువనేవాడు. కొలతలున్న చోటల్లా కలతలే. పొద్దుటి నుంచి గోడకు అటొకరు ఇటొకరు నిలబడి గొంతులు పోయేలా అరుచుకుని, మధ్యాహ్నం కాగానే ఒకే నీడలో క్యారియర్లు విప్పేవాళ్లు. తిట్లు ఆపకుండానే ఈయన ఊరిబిండి పచ్చడి ఆయన సంగటి మీదికి వెళ్లేది. ఆ పూటలు తప్ప జ్ఞానప్రకాశం మరొక మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్నది లేదు.

ఫోను చేయొచ్చు. చేసి ఏమనాలి? వాళ్లది తిట్టుకునేంత దగ్గరతనమే గానీ, పలకరించుకునేంత చనువు కాదు.

మదనపల్లెకూ కుప్పానికీ నడుమ పుంగనూరు. అందుకే ఆ గోడ. పాపం, గోడ మాత్రం నిక్షేపంగా ఉంది.

మర్నాడు జ్ఞానప్రకాశం చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. ఊరిబిండి ఇద్దరికీ సరిపోయేట్టు నూరుకున్నాడు. "అరడుగు నీ జేబులో పెట్టుకుని పోయినావా అప్పా?" అని అద్దం ముందు నిలబడి ఒకసారి, గొంతు పెంచి ఇంకోసారి అని చూసుకున్నాడు. గడప దాటుతుండగా ఫోను మోగింది. గీత.

"సార్, బయల్దేరొద్దు. కంప్యూటరు తీర్పు ఇచ్చేసింది."

"మధుసూదన్ను అడగకుండానా?"

"ఆయన రాసింది గూడా సూసే ఇచ్చిందంట సార్."

జ్ఞానప్రకాశం మొహం వెలిగింది. "రాసినాడా! ఏమని? బాగా తిట్టినాడా నన్ను?"

"మీరు పెట్టింది ఆయనకు తెలీనే తెలీదు సార్. నిన్ననే ఆయన గూడా అదే గోడ మింద అరడుగు తక్కువ సూపిస్తాండాదని పెట్టినాడంట. మీ అరడుక్కూ ఆయన అరడుక్కూ చెల్లు, మీరిద్దరూ ఇంక కలిసే పనే లేదనింది."