దూది దగ్గు

"తమ్ముడూ, అమ్మను ఊపిరితిత్తుల డాక్టరు తావకి తీసుకపోవద్దు. ఇది గుండె దగ్గు."

రంగరాజన్ తల తిప్పి చూశాడు. ఆస్పత్రి వరండాలో పక్క బల్ల మీద ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, చేతిలో గుడ్డసంచి.

పైగా మాట్లాడింది తెలుగు!

అందుకే రంగరాజన్‌కి ఒళ్లు మండింది. కోవిల్‌పట్టిలో వాళ్లింట్లో తెలుగే, కానీ గడప దాటితే అరవం. విరుదునగర్‌లో ముక్కూ మొహం తెలియనివాడు ఇంటి మాట మాట్లాడాడంటే వల వేస్తున్నాడనే అర్థం.

ఆ ఆస్పత్రిని మెడికల్ కాలేజీ డాక్టర్లు పదకొండుమంది కలిసి నడుపుతున్నారు. ఒక్కో జబ్బుకి ఒక్కో గది. అలాంటి చోట కమీషన్‌కి రోగుల్ని పట్టే బ్రోకర్లకేం కొదవ?

"నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు అరవంలో.

"కాదు. అమ్మకి పండుకుంటే ఊపిరాడదు గదా? కళ్లెలో ఎర్రచార ఉంటాది గదా?"

పక్కనే కూచున్న తల్లి పాపమ్మాళ్ ఉలిక్కిపడి తలూపింది. రంగరాజన్‌కి ఇంకా మండింది.

"మేం మగ్గాలవాళ్లం. నలభై ఏళ్లు దూది దుమ్ము పీల్చింది మా అమ్మ. మా వీధిలో అందరికీ ఉంది ఈ దగ్గు!"

"ఏడో గదిలో గుండె డాక్టరమ్మ ఉండాది. పెరుమాళ్సామి పంపినాడని చెప్పు. వెంటనే చూస్తాది."

"ఏడో గదికి మనుషుల్ని పట్టుకెళ్లడమేనా నీ పని?"

ముసలాయన ముఖం చిన్నబోయింది. అయినా లేచి పాపమ్మాళ్ చేయి అందుకోబోయాడు. రంగరాజన్ ఆయన చొక్కా పట్టి ఒక్క తోపు తోశాడు.

"సెక్యూరిటీ! ఈ బ్రోకర్ని బయటికి గెంటండి!"

కొత్తగా చేరిన సెక్యూరిటీవాడు వచ్చి రెక్క పట్టుకు లాక్కెళ్లాడు. ముసలాయన గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అరిచాడు.

"నా మాట వినకున్నా పోనీ. అమ్మను మాత్రం పండబెట్టొద్దు తమ్ముడూ!"

వాడెవడు చెప్పడానికి?

"కాసేపు పండుకో అమ్మా."

"వద్దురా. కూచోనే ఉంటాను."

"వాడి కూతలు నువ్వూ నమ్ముతావా? పండుకో!"

పంతం కొద్దీ తల్లిని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు.

అయిదు నిమిషాలకే పాపమ్మాళ్ నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది.

ఏడో గదిలోంచి డాక్టర్ మహేశ్వరిప్రియ పరుగెత్తుకొచ్చింది. పాపమ్మాళ్‌ని లోపలికి తీసుకెళ్లి గంటసేపు పెనుగులాడింది. బయటికొచ్చి తల అడ్డంగా ఊపింది.

"గుండె కవాటం ఇరుకైపోయింది. ఈ జబ్బువాళ్లని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. ఎవరూ చెప్పలేదా?"

రంగరాజన్ గోడకి జారగిలబడ్డాడు.

"చెప్పాడు. ఎవడో బ్రోకరు... పెరుమాళ్సామి అట."

"బ్రోకరా?"

ఆమె కోపంగా అతని వైపు తిరిగింది.

"ఆయనదీ ఇదే జబ్బయ్యా. ఇరవై ఏళ్లుగా మా కాలేజీలో ప్రతి పరీక్షకీ వచ్చి విద్యార్థుల ముందు చొక్కా విప్పి కూర్చుంటాడు. ఇక్కడున్న డాక్టర్లం అందరం ఈ జబ్బు నేర్చుకున్నది ఆయన గుండె మీద చెయ్యి పెట్టే!"