పై అర

"ఆంటీ, జల్దీ! చిన్నపిల్లలు కూడా మిమ్మల్ని దాటిపోతున్నారు!" రాయపూర్ ఈతకొలను గట్టు మీద నుంచి కోచ్ ప్రమీల అరిచింది.

"పోనీవే. నేను ధీరే ధీరేనే వస్తా," అన్నాను.

ముందు ఎడమ మోచెయ్యి లేవాలి. తరవాత వేళ్ళు చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి దిగాలి. చప్పుడైతే ఆ బార నా లెక్కలోకి రాదు; ఆగి, మళ్ళీ వేస్తాను.

ఇంటికొస్తే మావారు సూర్యారావుగారిది రోజూ ఒకటే పాట. "పోటీలకెళ్తావా ఏమిటి? గట్టున కూర్చుని కాళ్ళు తడుపుకుంటే సరిపోదూ?"

ఈవేళ ఆయన టీ పెట్టుకుంటూ కింది అరంతా వెతికారు. "చక్కెర డబ్బా ఏదీ?"

"పై అరలో."

"అక్కడెవరు పెట్టారు?"

"నేనే."

ఆయన చేతిలో చెంచా ఆగిపోయింది. రొమ్ముకు ఆపరేషనయ్యాక నా ఎడమ చెయ్యి ఇక భుజం దాటి లేవదని డాక్టరుగారు చెప్పిన రోజే, ఈయన డబ్బాలన్నీ కింది అరకు దించేశారు.

మిగిలినవాటినీ పైకెక్కించడం మొదలుపెట్టాను.

"ఉండు, నేనందిస్తా," అన్నారు.

"వద్దండీ. మీరు టీ చూసుకోండి."

ఆయన ఎదుటే ఒక్కొక్క డబ్బా పైకెక్కింది. ఎడమ చేత్తోనే. మెల్లగా, చప్పుడు లేకుండా.