ఉత్త ఆకే కదా!

కంచం వెళ్ళి గోడకు తగిలింది. మెతుకులు క్యాలెండరు దాకా చిందాయి.

"ఉప్పెక్కువైందని ఎన్నిసార్లు చెప్పాలి? ఈ ఇంట్లో చెవులున్నాయా ఎవరికైనా?" అరిచాడు లిఫ్టు మెకానిక్.

ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ సంగతి భార్యకు తెలుసు, తల్లికి తెలుసు, బల్ల కింద దూరిన కూతురికీ తెలుసు.

అతను గంజాయి మానేసి రెండు వారాలు దాటింది. "ఉత్త ఆకే కదే! సారాయా ఏమన్నానా? ఎప్పుడు మానాలనుకుంటే అప్పుడు మానేస్తా" అనేవాడు ఇదివరకు. తీరా మానేశాక ఆ ఆకు తడాఖా ఏంటో తెలిసొచ్చింది. అన్నం సయించదు. నిద్ర పట్టదు. పట్టినా పాడు కలలు, చెమటకి దుప్పటి తడిసి ముద్ద. డాక్టరమ్మ ముందే చెప్పింది. "కొన్నాళ్ళు మీ అందరికీ నరకమే. జాలిపడ్డారో, మళ్ళీ మొదటికొస్తుంది."

అతను విసవిసా బాత్రూంలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాడు.

"అమ్మా, నాన్న మళ్ళీ అది తాగితే నవ్వుతాడా?" బల్ల కిందనుంచి అడిగింది పిల్ల.

"నోర్ముయ్" అంది పిల్ల తల్లి. గొంతులో పస లేదు.

అత్తగారు వంగి ఒక్కొక్క మెతుకూ ఏరుతోంది. "మెత్తబడకు అమ్మాయ్. వాడు చిక్కి సగమయ్యాడు. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. అయినా సరే, మెత్తబడకు."

కోడలు అప్పటికే మెత్తబడింది. నిన్న లాండ్రీలో పని ముగించుకుని వస్తూ వస్తూ, సైకిల్ షాపు వెనక సందులో గంజాయి అమ్మే చెవిపోగువాడి దగ్గర ఆగింది.

"మీ ఆయన మానేశాడన్నారే?" అన్నాడు వాడు.

"ఆయన మానేశాడు. మేమే తట్టుకోలేకపోతున్నాం" అంది.

వాడిచ్చిన పొట్లం ఇప్పుడు ఆమె కొంగుముడిలో ఉంది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళగానే, కొక్కేనికి వేలాడుతున్న మొగుడి యూనిఫాం చొక్కా జేబులో దాన్ని కుక్కేసింది. ఒక్కసారికేగా అనుకుంది. ఈ ఒక్క పూట ఇల్లు ఇల్లులా ఉంటే చాలనుకుంది.

బాత్రూం తలుపు తెరుచుకుంది. అతను తల కూడా తుడుచుకోకుండా వచ్చి బల్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బయటికి రా తల్లీ. కంచం విసిరేశాను కదా, ఒకటి పీకు నన్ను."

పిల్ల భయం భయంగా వచ్చి చెంప మీద తాకీ తాకనట్టు ఒకటి వేసింది. అతను నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు విని!

"ఆకలేస్తోందే" అన్నాడు పెళ్ళాం వైపు తిరిగి. చెప్పిన మాట తనకే నమ్మకం లేనట్టు పొట్ట తడుముకున్నాడు. "నిజంగానే ఆకలి. ఇంకో కంచంలో పెట్టు."

జ్వరం దిగినవాడిలా తిన్నాడు. తింటూనే చెప్పాడు. "రాత్రి కాస్త కునుకు పట్టింది. నిన్న పనిలో చెయ్యి కూడా వణకలేదు. గట్టున పడ్డట్టే ఉంది. కానీ ఒకటి, అది గానీ ఇప్పుడు కంటబడిందా, ఆగలేను. అంత బలం ఇంకా రాలేదు."

ఆమె బట్టలు సర్దే వంకతో వెళ్ళి, జేబులోంచి పొట్లం లాగి, దొడ్లో పారబోసి, బకెట్టు తర్వాత బకెట్టు నీళ్ళు కొట్టింది.

వీధిలో కంపెనీ వ్యాను హారను మోగింది. అతను చొక్కా తొడుక్కుని, వంటింటి గట్టు మీది క్యారేజీ అందుకుని పరుగెత్తాడు.

"ఒరేయ్, ఆగరా! ఆ క్యారేజీ ఒకసారి ఇటివ్వు, ఇంకో గరిటె వేస్తాను" అంటూ తల్లి గుమ్మం దాకా వెంటపడింది.

"ఇదే ఎక్కువమ్మా! ఇవాళ లిఫ్టు నెత్తినెక్కి తీగలు మార్చాలి, లేటయితే చంపేస్తారు." వ్యాను కదిలిపోయింది.

కోడలు గోడకానుకుని కూలబడింది. ఇక కడుపులో దాచుకోలేకపోయింది. "అత్తయ్యా, మీరు తిట్టినా సరే. నేను పాపిష్టిదాన్ని. ఆయన జేబులో పొట్లం పెట్టాను. మీ అబ్బాయి మాటలు విన్నాక తీసి పారేశాను. తీసేశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే..."

అత్తగారు గుమ్మంలోంచి కదల్లేదు. వ్యాను వెళ్ళిన వైపే చూస్తోంది.

"నువ్వు తీసేశావు. నేను పెట్టింది క్యారేజీ అడుగు గిన్నెలో ఉందే!"