గీత ఆగిన చోటు

"మళ్లీ ఆగింది!"

తెర మీద పరుగెడుతున్న పచ్చగీత ఉన్నపళంగా నిలిచిపోయేసరికి సెలీనా కుర్చీ వెనక్కి తోసింది.

"ఇది గుండెనా, మా పుప్పాలగూడ ట్రాఫికా? జర పోతది, జర ఆగుతది," అన్నాడు పక్క సీటు రవీందర్.

వెనక నిలబడ్డ ఆనందరావు మాత్రం నవ్వలేదు. టీముకి పెద్ద ఆయనే. గీత ఆగినప్పుడల్లా ఆయన వేళ్లు సెలీనా కుర్చీ వీపును బిగించి పట్టుకునేవి.

హైటెక్ సిటీలోని ఆ చిన్న కంపెనీ అంబులెన్సుల కోసం ఒక పెట్టె తయారుచేస్తోంది. బండిలో పడుకున్న మనిషి గుండె ఎలా కొట్టుకుంటోందో, బండి ఇంకా దారిలో ఉండగానే ఆసుపత్రిలో డాక్టరుకు కనపడాలి. పరీక్షకని ఒక గుండె రికార్డింగు ఆనందరావే తెచ్చిచ్చాడు. ఎవరో పేషెంటుదట. అది కాసేపు బాగానే నడిచి ఎక్కడో ఒకచోట ఆగేది. చివరిదాకా పోయిన పాపాన ఒక్కనాడూ పోలేదు.

"రేపు దవాఖానోళ్లు చూడనీకి వస్తున్నరు. గిట్లనే ఆగితే ఇగ మన దుకాణం బంద్," అన్నాడు రవీందర్.

"దుకాణం సంగతి కాదయ్యా. బతికున్న మనిషిని డాక్టరు పోయాడనుకుంటాడు," అన్నాడు ఆనందరావు.

సెలీనా మళ్లీ కోడ్‌లోకి దిగింది. పెట్టెలోని నెట్‌వర్క్ కార్డును నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం కెర్నెల్‌లో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు అది గర్భగుడి. అక్కడ చిన్న తప్పుకు కూడా పెద్ద శిక్షే. మధ్యాహ్నం టీ చల్లారిపోయాక ఆమె తలెత్తింది.

"దొరికింది సార్! పెళ్లిల్లు అనుకోండి. చుట్టాల్లా డేటా ముక్కలు వరసగా వస్తుంటే డ్రైవర్ తలుపు తీసిపెట్టి, గుమ్మం గంట మోగకుండా ఆపేసి, అందర్నీ లోపలికి పిలుస్తుంది. ఇంకెవరూ లేరనుకుని తలుపేసి, తర్వాత ఆ గుమ్మం గంటకు కరెంటు ఇస్తుంది. ఆ రెంటి మధ్యలో ఒకాయన గుమ్మంలోకొస్తే?"

"గంట కొట్టినా మోగదు," అన్నాడు రవీందర్.

"లోపలివాళ్లకు తెలీదు. ఆయన నిలబడే ఉంటాడు. వెనకాల వరసంతా నిలబడిపోతుంది."

"ఎంతసేపుంటది ఆ నడిమి టైము?"

"రెప్ప వేసేలోగా అలాంటి సందులు వేలు పట్టేస్తాయి."

"అబ్బ! గంత చిన్న సందుల గుండెకాయ ఇరుక్కున్నదా!"

గంటకు కరెంటు ఇచ్చాక ఇంకొక్కసారి గుమ్మంలోకి తొంగిచూడమని సెలీనా డ్రైవర్‌కు ఒక్క మాట రాసింది. పాతదాన్ని తీసేసి, కొత్తదాన్ని ఎక్కించి, రికార్డింగు మొదలుపెట్టింది.

గీత లేచింది. రోజూ ఆగే చోట్లన్నీ దాటింది. అల వెనక అల. ఎవరిదో గుండె, ఎప్పుడో కొట్టుకున్నది, ముక్కముక్కలై తీగలో పడి, ఒక్క ముక్కా దారి తప్పకుండా వచ్చి, కళ్లముందు మళ్లీ గుండై కొట్టుకుంటోంది. సెలీనా తెరకు దగ్గరగా వంగింది. తను ఇన్నాళ్లూ పాకెట్లని పిలిచింది ఈ ముక్కల్నా!

"మేడం, మొక్కబుద్ధయితుంది," అన్నాడు రవీందర్, గుసగుసగా.

ఆనందరావు కూర్చోలేదు. కుర్చీ వీపు వదల్లేదు.

అలలు ఎడంగా రావడం మొదలైంది. ఇంకా ఎడంగా. తర్వాత గీత చదునుగా సాగిపోయింది.

"అయ్యో, మళ్లీ!" సెలీనా లెక్క చూసింది. పంపిన పాకెట్లన్నీ చేరాయి. "ఒక్కటీ పోలేదు సార్. ఇప్పుడు కూడా వస్తూనే ఉన్నాయి. అయినా గీత లేవట్లేదు. ఇంకేదో బగ్ ఉంది, చూస్తానుండండి."

కోడ్ తెరవబోతుంటే ఆనందరావు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దమ్మా. నీ డ్రైవర్ ఏదీ వదల్లేదు."

"మరెందుకాగింది సార్?"

"మా ఆవిడ గుండె అక్కడిదాకే కొట్టుకుంది."