చిన్నమేడానికి తెలుగు రాదు

చేరిన మూడో రోజే తేలిపోయింది, చిన్నమేడానికి తెలుగు రాదని.

తేల్చింది పెద్దమేడం. క్లాసు మధ్యలో లోపలికొచ్చి, బోర్డు మీద చిన్నమేడం రాసిన "గుర్రం" కొట్టేసి, పక్కనే "గుఱ్ఱము" అని రాసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంది. దులుపుకున్నది సుద్దపొడినో, చిన్నమేడాన్నో తెలియలేదు.

పెద్దమేడం ఆ విదేశీ యూనివర్సిటీలో ముప్ఫై రెండేళ్ళుగా తెలుగు చెబుతోంది. ఆవిడ రాసిన నీలం అట్ట పుస్తకమే అక్కడ వేదం. చిన్నమేడం నిన్నగాక మొన్న విమానం దిగిన ఇరవైమూడేళ్ళ పిల్ల. సహాయకురాలి ఉద్యోగం. వారానికి పన్నెండు గంటలు విద్యార్థుల చేత తెలుగులో మాట్లాడించాలి.

ఉండడానికి ఏటవాలు కప్పు కింద ఒక గది దొరికింది. మంచం మీంచి లేస్తే నెత్తి ఠంగుమని కప్పుకు తగిలేది. మొదటి వారం బొప్పి కట్టింది, రెండో వారానికి వంగి లేవడం వచ్చేసింది. ఇంటావిడ స్నానానికి పది నిమిషాలిచ్చి, పదకొండో నిమిషం తలుపు బాదేది. బస్సు ఆపాలంటే ఏ మీట నొక్కాలో తెలియక మూడు స్టాపులు దాటిపోయి, కాళ్ళీడ్చుకుంటూ వెనక్కొచ్చేది. వీటన్నిటికీ నవ్వుకోగలిగింది. పెద్దమేడం దగ్గరే నవ్వు రాలేదు.

క్లాసులో తొమ్మిది మంది. వాళ్ళలో ఒక నర్సు, త్వరలో తెలుగింటి కోడలు కాబోతోంది. కాబోయే అత్తగారు ఫోన్లో రోజూ ఏదో అడుగుతోందట, నీలం పుస్తకమంతా గాలించినా అది దొరకలేదట. తీరా చూస్తే ఆవిడ అడిగేది, "ఏం చేస్తున్నావమ్మా, తిన్నావా?" అని. చిన్నమేడం ఆ రోజు పాఠం పక్కన పెట్టి అదే నేర్పింది. "ఇదిగో, తింటున్నానత్తయ్యా" అని నర్సు తడుముకోకుండా అనేసరికి క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లకే పెద్దమేడం వచ్చింది. బోర్డు చదివింది. "చేస్తున్నావ్" అన్న మాట ఏ నిఘంటువులో ఉందో చూపించమంది.

"మా ఇంట్లో అందరూ ఇలాగే అంటాం మేడం."

"ఇంట్లో మాట్లాడుకునేదల్లా భాష అయిపోదు" అంది పెద్దమేడం. "మీ కాలం వాళ్ళు సగం భాష మింగేసి, మిగిలిన సగం పలుకుతున్నారు."

ఆపైన క్లాసంతటి చేతా "తాము ఏమి చేయుచున్నారు?" అని పదిసార్లు వల్లె వేయించింది. ఆ సాయంత్రం నర్సు దాన్ని అత్తగారి మీద ప్రయోగిస్తే, ఆవిడ హడలిపోయి, పిల్లకు కోపమొచ్చినట్టుందని కొడుక్కి ఫోన్ చేసిందట.

ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు, పక్క గదుల్లో పంతుళ్ళకిది మంచి కాలక్షేపమైంది. తెలుగు రాని తెలుగు సహాయకురాలట అని చెప్పుకుంటూ, కాఫీ యంత్రం దగ్గర ఆ అమ్మాయి కనబడగానే మాట మార్చేవాళ్ళు. రానురాను ఆమెకే అనుమానం పట్టుకుంది. "వస్తా" అనబోయి ఆగి, తప్పేమోనని లోలోపల దిద్దుకునేది. ఒక ఆదివారం అమ్మతో మాట్లాడుతూ మూడుచోట్ల తడబడింది. జలుబు చేసిందా అని అడిగింది అమ్మ.

టర్ము చివర, ఉద్యోగం కొనసాగించాలంటే రాయాలని పెద్దమేడం ఒక పరీక్ష పెట్టింది. చిన్నమేడానికి నూటికి ముప్ఫయ్యొకటి వచ్చాయి. అరసున్నలు పెట్టనందుకే పద్నాలుగు ఎగిరిపోయాయి. "వాన పడింది" అని రాసినచోట ఎర్రసిరాతో, "ఎచ్చటి నుండి?" అని ఉంది. అడుగున తీర్పు: అభ్యర్థికి తెలుగు తగినంత రాదు, వచ్చే టర్ముకు అవసరం లేదు. ఆ కాగితం మర్నాడు సాయంత్రానికి ఆఫీసుకు వెళుతుంది. వెళితే ఇక ఏ యూనివర్సిటీ గడపా తొక్కనివ్వదు.

అమ్మకు చెప్పక తప్పలేదు. అమ్మ ఇరవయ్యేడేళ్ళు హైస్కూల్లో తెలుగు పంతులమ్మ.

"రేపు ఆవిడ గదిలోకెళ్ళి నాకు ఫోన్ చెయ్యి" అంది అంతా విని. "తెలుగు మేడమేగా, నేను మాట్లాడతా."

మర్నాడు మధ్యాహ్నం చిన్నమేడం ఆ గదిలో నిలబడి, అమ్మ ఒక్క నిమిషం మాట్లాడతానంటోందని బతిమాలి, ఫోన్ పెద్దమేడం చేతిలో పెట్టింది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"నమస్కారమండీ. మా పిల్ల పొరపాటేదైనా చేసుంటే మందలించండి, దిద్దుకుంటుంది. ఉద్యోగం తీసేసినా మీ ఇష్టం. తెలుగు రాదని మాత్రం రాయకండి. దానికి పలకమీద అక్షరాలు దిద్దించింది నేనండీ."

పెద్దమేడం కళ్ళజోడు సర్దుకుని, చివరిదాకా శ్రద్ధగా విని, ఫోన్ తిరిగిచ్చేస్తూ, ఎప్పట్లాగే తన దేశపు భాషలోనే అడిగింది: "మీ అమ్మగారు మాట్లాడేది ఏ భాష?"