ఎద్దుకు వేసిన సూది

"వదినా, కసాయోడు బయట నిలబడుకోని ఉండాడు. తాడు విప్పు," అన్నాడు కదిరప్ప.

తిమ్మక్క విప్పలేదు. పార తెచ్చుకుని పశువుల కొట్టానికి అడ్డంగా కూర్చుంది.

"నా ఎద్దు. నేను చెప్తే తప్ప ఈడ నుంచి కదలదు."

అది 1982. తనకల్లు పక్క ఆ ఏడూ వానల్లేవు. ఎద్దు కుడి కొమ్ము మొదట్లో క్యాన్సర్ గడ్డ లేచింది. కొమ్ము వాలిపోయి చీము కారుతోంది. అలాంటి ఎద్దును ఊళ్ళో ఎవరూ ఉంచుకోరు. మునుపైతే తిమ్మక్కా అమ్మేసేదే. బెంగళూరులో చెల్లెలింటికి పోయి వచ్చినప్పటి నుంచి ఆమె ఎవరి మాటా వినడం లేదు.

పశువుల డాక్టరు వీరప్ప కొత్త మందు ఒకటి ఉందన్నాడు. పశువైద్య కాలేజీలో ఇంకా పరీక్షిస్తున్నారట.

"రోగమొస్తే తరిమే కాపలా ఒంట్లోనే ఉంటాదమ్మా. ఈ గడ్డ ఆ ఒంట్లోనే పుట్టింది కదా, మనదే అనుకోని ఊరుకుంటాది. అందుకే గడ్డలో ముక్క కోసి, నూరి, మందులో చంపి, సూదిలో ఎక్కిస్తాము. అప్పుడు పగోడని తెలుసుకోని మీదపడతాది."

"ముదిరిపోయినా పనిచేస్తాదా?"

"చెప్పలేను. ఎక్కించి చూడాల."

"ఎక్కించు. నేనూ చూస్తా."

సూది పడ్డాక ఎద్దుకు జ్వరం వచ్చింది. మేత ముట్టలేదు.

"చేతులారా చంపుతాండావు దాన్ని," అని మరిది కేకలేశాడు.

తిమ్మక్క దానికి గంజి తాగించింది. పుండు కడిగింది. వీరప్ప వచ్చినప్పుడల్లా జ్వరం ఎందుకొచ్చింది, నొప్పి ఎంతుంటుంది, తగ్గిన గడ్డ మళ్ళీ లేస్తుందా అని గుచ్చి గుచ్చి అడిగింది. ఎద్దు మీద ఇంత పిచ్చేమిటని ఊరు నవ్వింది.

గడ్డ మెల్లగా ఎండసాగింది. మరుసటేడు తొలి వాన పడేసరికి పుండు మానింది. కదిరప్పే దాన్ని చెనక్కాయ చేలో మన్ను చదునుచేసే గుంటకకు కట్టి తోలాడు.

వీరప్ప వచ్చి కొమ్ము మొదలు తడిమి చూసి పొంగిపోయాడు.

"గెలిచినావమ్మా. ఇంక దీనికి నాతో పనిలేదు."

"దీనికి లేదు," అంది తిమ్మక్క.

వీరప్పను ఇంట్లోకి పిలిచి, మరిదిని బయటికి పంపి తలుపు మూసింది.

కొంగు పక్కకు తీసి, ఎడమ రొమ్మున రాయిలా గట్టిపడిన గడ్డను చూపించి, "బెంగళూరు పెద్దాసుపత్రోళ్ళు ఇంగ ఇంటికి పొమ్మన్నారు, ఇప్పుడు నాకెయ్యప్పా ఆ సూది," అంది.